మీకు ఇష్టమైన ఫొటో మాకు చూపించే ముందు

అందరికీ నమస్కారం.

ఇవాళ ఆగస్టు 19. 1839లో సరిగ్గా ఈ రోజున పారిస్‌లో, సైన్స్ అకాడమీ సభలో, డాగెర్ కనిపెట్టిన ఫొటో తీసే పద్ధతిని అరాగో అనే శాస్త్రవేత్త అందరి ముందూ విప్పి చెప్పారు. వెండి పూత రేకు ఎలా తయారు చేయాలి, అయోడిన్ ఎలా పట్టించాలి, పాదరసం ఆవిరి ఎలా చూపించాలి, అన్నీ చెప్పేశారు. ఫ్రాన్స్ ప్రభుత్వం డాగెర్‌కి పెన్షన్ ఇచ్చి మరీ ఆ రహస్యాన్ని లోకానికి వదిలేసింది. అంతకు ఐదు రోజుల ముందే ఇంగ్లండులో ఆయన తరఫు ఏజెంటు పేటెంటు తీసేసుకున్నాడు, అది వేరే కథ. మొత్తానికి ఈ హాబీ పుట్టుకే నలుగురికీ చూపించుకోవడంతో మొదలైందని నేను సరదాగా అంటూ ఉంటాను.

ఈసారి మన ఫొటో క్లబ్బు సభ్యులందరినీ తలా ఒక ప్రింటు తెచ్చుకోమన్నాం. బాగా వచ్చిన ఫొటో కాదు, ఇష్టమైన ఫొటో. ఈ రెండూ ఒకటే కదా అని కొందరు ఫోన్ చేసి అడిగారు. కాదండీ. బాగా వచ్చిన ఫొటోకి ఎక్కడో సెలూన్‌లో, అంటే ఫొటోల పోటీ ప్రదర్శనలో, యాక్సెప్టెన్స్ వచ్చి ఉంటుంది, సర్టిఫికెట్ ఉంటుంది, దాన్ని పెడితే ఎవరూ ఏమీ అనరు. ఇష్టమైన ఫొటో అలా కాదు. అందులో మనకి మాత్రమే కనిపించేవి చాలా ఉంటాయి. ఆ రోజు తెల్లవారుజామున బైక్ మీద పడిన చలి, ఆ పెద్దాయన చెప్పిన మాట, పక్కన నవ్వుతున్న స్నేహితుడు. ఇవేవీ ఫ్రేములో లేవు. కానీ ఆ ఫొటో చూసినప్పుడల్లా మనకి అవే కనిపిస్తాయి. ఫ్రేములో నిజంగా ఏముందో చెప్పడానికి ఆ రోజు అక్కడ లేని మనిషి కావాలి. మన క్లబ్బు ఉన్నది అందుకే అని నా అభిప్రాయం.

ఒక ఉదాహరణ చెబుతాను. ఆ సభ్యుడి అనుమతి తీసుకునే చెబుతున్నాను. ఆయన ఆత్రేయపురం వెళ్ళి పూతరేకులు చేసే ఒక ఇంట్లో ఫొటోలు తీశారు. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చాక అక్కడికి కెమెరాలు పట్టుకెళ్ళేవాళ్ళు పెరిగారు. అందరూ ఒకటే తీస్తారు: బోర్లించిన కుండ, కింద మంట, ఒకావిడ నవ్వుతూ కెమెరా వైపు చూడటం. ఈయన తీసింది వేరు. వంటగది చీకటిగా ఉంది. వెనక తలుపులోంచి వెలుగు వస్తోంది. పలుచటి పిండిలో ముంచిన గుడ్డని కుండ మీద లాగిన మరుక్షణం రేకు ఆరిపోయింది, ఆవిడ దాన్ని రెండు చేతులతో లేపుతోంది. ముఖం సగం నీడలో ఉంది. ఎడమ పక్కన ఒక స్టీలు గిన్నె మెరుస్తోంది.

ప్రింటు బల్ల మీద పెట్టగానే మామూలు మాటలే వచ్చాయి. "సూపర్ అండీ." "ఫిల్ ఫ్లాష్ కొడితే ముఖం తెలిసేది." "షాడోస్ కాస్త లేపండి, నీడలో ఉన్నది తెలియాలి." "ఆ గిన్నె క్రాప్ చేసేయండి." "ఏ లెన్స్ అండీ?" ఈ చివరి ప్రశ్న లేకుండా మన మీటింగు ముగియదు. అప్పుడు కొత్తగా చేరిన ఒకమ్మాయి ఇలా అంది: "నాకు ముందు ఆవిడ బొటనవేలు కనిపించింది. రేకు చిరగకుండా గోటితో అంచు లేపుతోంది. తర్వాత ఆ రేకులోంచి వెనక తలుపు కనిపించింది. ముఖం దాకా నేను వెళ్ళనే లేదు."

ఫొటో తీసినాయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆయనకి ఆ ఫొటో ఇష్టం కావడానికి కారణం, అది తీస్తున్నప్పుడు ఆవిడ తన అత్తగారి దగ్గర ఈ పని ఎలా నేర్చుకుందో చెబుతూ పడీ పడీ నవ్వడం. ఆ నవ్వు ఫొటోలో రాలేదు. వచ్చింది వేలూ, రేకూ, తలుపూ. తర్వాత ఆయన షాడోస్ లేపలేదు, గిన్నె మెరుపు మాత్రం తగ్గించి మళ్ళీ ప్రింటు తీయించారు. ఈ రెండో ప్రింటు నాకైతే చాలా నచ్చింది.

ఆ అమ్మాయి చెప్పినదాంట్లో తీర్పు ఎక్కడా లేదు, గమనించారా? బాగుంది అనలేదు, బాగోలేదు అనలేదు. తన కన్ను ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చెప్పింది, అంతే. ఫొటో తీసినవాడికి అంతకంటే కావాల్సింది లేదు.

న్యూయార్క్‌లో ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ అనే ఫొటోగ్రాఫర్ కథ మీలో చాలామందికి తెలుసు. 1893 ఫిబ్రవరిలో మంచు తుఫాను. ఆయన అరువు తెచ్చుకున్న చేతి కెమెరాతో ఫిఫ్త్ అవెన్యూలో గంటల తరబడి నిలబడి, మంచులో ఎదురొస్తున్న గుర్రపు బండిని తీశారు. నెగటివ్ తీసుకెళ్ళి అక్కడి అమెచ్యూర్ సంఘం మిత్రులకి చూపిస్తే వాళ్ళు నవ్వారట. మసకగా ఉంది, షార్ప్‌గా లేదు, పారెయ్ అన్నారని ఆయనే తర్వాత చెప్పుకున్నారు. ఆ ఫొటో ఇప్పుడు ఫొటోగ్రఫీ చరిత్రలో భాగం. ఈ కథని సాధారణంగా "ఎవరేమన్నా పట్టించుకోకండి" అని చెప్పడానికి వాడతారు. నేను ఒప్పుకోను. షార్ప్‌గా లేదన్నది వాళ్ళు చూసిన సంగతి, అది నిజం కూడా. పారెయ్ అన్నది వాళ్ళ తీర్పు. స్టీగ్లిట్జ్ నెగటివ్‌ని పారేయలేదు, అలాగని మొత్తం అలాగే ప్రింటూ వేయలేదు. అడ్డంగా ఉన్న నెగటివ్‌లో చాలా భాగం కోసేసి నిలువు ఫొటో చేశారు.

క్రాప్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మనలో కొందరికి క్రాప్ చేయడమంటే నేరం. ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ కార్టియే బ్రెసన్ పేరు చెబుతారు. నిజమే, ఆయనకి క్రాపింగ్ ఇష్టం ఉండేది కాదు. కానీ 1932లో పారిస్ సెయింట్ లాజార్ స్టేషన్ వెనక నీటి గుంట మీంచి దూకుతున్న మనిషి ఫొటో ఉంది చూడండి, అది క్రాప్ చేసిందే. చెక్కల సందులోంచి తీయడంతో ఒక పక్క అడ్డొచ్చింది, కోసేయక తప్పలేదు.

మన దగ్గర సలహాలతో వచ్చే చిక్కు ఇంకోటి ఉంది. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులకి మీరంతా వెళ్తారు. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు. తెచ్చిన ప్రతి ఫొటోకీ ఎవరో ఒకరు "ఆ కొమ్మ అడ్డంగా ఉంది, తీసేయండి" అంటారు. ఇంట్లో గోడకి పెట్టుకోవడానికైతే తీసేయండి. పోటీల్లో నేచర్ విభాగానికి పంపేదైతే ఆ సలహా ఫొటో తీసినాయన్ని ముంచుతుంది. ఫియాప్, పీఎస్ఏ, ఆర్‌పీఎస్ అనే ఫొటోగ్రఫీ సంస్థలు కలిసి ఒప్పుకున్న నేచర్ ఫొటో నిర్వచనం 2015 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం క్రాప్ చేయొచ్చు గానీ ఫొటోలో ఉన్నదాన్ని చెరపకూడదు, లేనిది చేర్చకూడదు. కాబట్టి సలహా ఇచ్చే ముందు "ఇది ఎక్కడికి వెళ్తోందండీ?" అని అడగండి. అలాగే గూళ్ళ మీదికి డ్రోను ఎగరేసి తీసిన ఫొటో వస్తే కంపోజిషన్ గురించి మాట్లాడకండి. తల్లి లేచిపోతే గుడ్లూ పిల్లలూ కాకుల పాలవుతాయి. ఆ సంగతి మొహమాటపడకుండా అక్కడే చెప్పాలి.

మొహమాటం మన అసలు సమస్య. ఎదురుగా "బాగుంది సార్" అంటాం, టీ దగ్గర అసలు మాట చెప్పుకుంటాం. దానికి తోడు ఒక సీనియర్ ముందు నోరు విప్పితే మిగతా అందరూ ఆయన్నే సమర్థిస్తారు. అందుకే ఇవాళ వరస మారుస్తున్నాం. కొత్తవాళ్ళు ముందు మాట్లాడతారు, పాతవాళ్ళం చివర, నాతో సహా. ఫొటో తెచ్చినవాళ్ళు అందరూ చెప్పడం అయ్యేదాకా నోరు విప్పకూడదు. ముందే కథ చెప్పేస్తే మేం మీ కథనే చూస్తాం, ఫొటోని చూడం.

ఒక మినహాయింపు ఉంది. మీరు తెచ్చింది నాన్నగారు సైకిల్ మీద వెళ్తున్న ఫొటో అయితే, అమ్మ పెరట్లో గోరింటాకు కోస్తున్న ఫొటో అయితే, "దీనికి అభిప్రాయం వద్దు, చూపించడానికే తెచ్చాను" అని ముందే అనేయండి. అందులో తప్పేమీ లేదు. అలాంటి ఫొటోకి రూల్ ఆఫ్ థర్డ్స్ (ఫ్రేముని మూడు భాగాలు చేసి చూసే కంపోజిషన్ సూత్రం) చెప్పినవాళ్ళకి టీ ఇవ్వం. వెనకాల మెత్తటి పెన్సిల్‌తో పేర్లు, ఊరు, సంవత్సరం రాశారా లేదా అని మాత్రం అడుగుతాం. బాల్ పెన్నుతో గట్టిగా రాయకండి, ఒత్తు ముందు వైపు పొంగుతుంది.

కొందరు ప్రింటు తేలేదు, వాట్సాప్‌లో పంపేస్తాం అన్నారు. మామూలుగా పంపితే వాట్సాప్ ఫొటోని కుదించేస్తుంది. అది చూసి ఫోకస్ తప్పింది, నాయిస్ వచ్చింది అంటే మీకూ టెన్షన్, మాకూ పాపం. ఈసారికి ల్యాప్‌టాప్‌లో అసలు ఫైలు పెట్టండి, చూస్తాం.

సరే, నేను కూర్చుంటాను. కుర్రాళ్ళు ముందు వరసలోకి రండి. ఒక్క విషయం, ఇందాక పకోడీలు తిన్నవాళ్ళు ప్రింట్లు ముట్టుకునే ముందు చేతులు కడుక్కోండి, కుళాయి బయట కుడి పక్కన ఉంది.