పదకొండు సర్వర్లకు ఒకే తెర: సెమఫోర్ డ్యాష్‌బోర్డును నిలబెట్టిన తీరు, వాడిన అనుభవం

అందరికీ నమస్కారం. విశాఖపట్నం నుంచి మాట్లాడుతున్నాను. లైనక్స్ సర్వర్లను చూసుకోవడం నా వృత్తి. షీలానగర్ దారిలో ఉన్న ఒక సరకు రవాణా కార్యాలయానికి చెందిన పదకొండు సర్వర్లను నేనూ మరో ఇద్దరు సహోద్యోగులూ కలిసి చూసుకుంటాం. ఆ పదకొండింటి కాన్ఫిగరేషన్‌ను, అంటే అమరికలను, బ్రౌజరులోంచి నడిపించడానికి మేము పెట్టుకున్న డ్యాష్‌బోర్డు పేరు సెమఫోర్ యూఐ. ఏడు నెలలుగా రోజూ వాడుతున్నాను. దాన్ని ఎలా నిలబెట్టామో, ఎక్కడ మెచ్చుకోవాలో, ఎక్కడ జాగ్రత్తపడాలో ఈ వీడియోలో వివరంగా చూపిస్తాను.

ముందుగా, దీని అవసరం ఎలా వచ్చిందో చెప్పాలి. మా దగ్గర లారీ గేటు దాటిన సమయాన్ని ఒక సర్వరు నమోదు చేస్తుంది, తూకం చీటీని మరో సర్వరు ఇస్తుంది. ఒకరోజు ఒక లారీ గేటులోకి రాకముందే దాని తూకం పూర్తయినట్టు కాగితాల్లో కనబడింది. డ్రైవరుకూ గేటు గుమస్తాకూ మాటామాటా పెరిగింది. చూస్తే తప్పు వాళ్లిద్దరిదీ కాదు. తూకం సర్వరు గడియారం ఏడు నిమిషాలు వెనకబడి ఉంది. మా పది యంత్రాల్లో ఉబుంటు అనే లైనక్స్ రకం ఉంటే, ఆ ఒక్కదానిలో రాకీ లైనక్స్ అనే మరో రకం ఉంది. గడియారాన్ని సరిచేసే క్రోనీ ప్రోగ్రాము తన కాన్ఫిగరేషన్ ఫైలును ఉబుంటులో ఈటీసీ అనే అమరికల డైరెక్టరీ కింద క్రోనీ అనే డైరెక్టరీలో చూసుకుంటుంది, రాకీలో మాత్రం నేరుగా ఈటీసీలోనే చూసుకుంటుంది. సర్వీసు పేరు కూడా ఒకచోట క్రోనీ, మరోచోట క్రోనీడీ. మేము చేత్తో పదకొండు యంత్రాలకూ కాపీ చేసిన ఫైలు ఆ రాకీ యంత్రంలో ఎవరూ చదవని చోటికి వెళ్లి కూర్చుంది. ఆ పని ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో మా ముగ్గురిలో ఒక్కరమూ ఖచ్చితంగా చెప్పలేకపోయాం. గడియారం తప్పడం కంటే నన్ను ఎక్కువ బాధించింది అదే.

ఇది లారీ తగాదాతో పోయే విషయం కూడా కాదు. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ జారీ చేసిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ కంప్యూటర్ల గడియారాలను ఎన్ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల వారి సమయ సర్వర్లతో గాని, వాటిని ఆధారం చేసుకున్న సర్వర్లతో గాని కలిపి ఉంచాలి, లాగ్‌లను, అంటే యంత్రాలు రాసుకునే నమోదులను, 180 రోజులు దాచాలి. పదకొండు యంత్రాల్లో పది సరిగ్గా ఉన్నాయని చెబితే సరిపోదు.

ఇక్కడ ఒక విషయం స్పష్టం చేస్తాను. సెమఫోర్ తానుగా ఏ సర్వరునూ సరిచేయదు. సరిచేసేది దాని వెనక ఉన్న ఆన్సిబుల్ అనే ప్రోగ్రాము. 2012లో మైకేల్ డీహాన్ మొదలుపెట్టిన ఈ ఆన్సిబుల్‌ను 2015లో రెడ్ హ్యాట్ కొనుగోలు చేసింది. సర్వర్లలో ప్రత్యేకంగా ఏ ఏజెంటునూ, అంటే ఎప్పుడూ నడుస్తుండే సహాయక ప్రోగ్రామునూ, పెట్టకుండా, ఎస్ఎస్‌హెచ్ అనే భద్రమైన దూర లాగిన్ ద్వారా లోపలికి వెళ్లి, ప్లేబుక్ అనే పనుల జాబితా ఫైలులో రాసినట్టుగా ఉందా లేదా చూసి, లేకపోతే అలా చేసి బయటికి వస్తుంది. ఆ ప్లేబుక్‌లు సరిగ్గా రాసుకోకుండా డ్యాష్‌బోర్డు పెట్టుకుంటే, చేత్తో చేసే తప్పునే ఒక బటనుతో పదకొండు చోట్ల చేస్తాం. కాబట్టి మేము మొదటి నెల రోజులు డ్యాష్‌బోర్డు జోలికి పోలేదు. ప్లేబుక్‌లు రాసి, మార్పుల చరిత్రను దాచే గిట్‌లో పెట్టి, కమాండ్లు టైపు చేసే టెర్మినల్ నుంచే నడిపాం.

తర్వాత ఏది ఎంచుకోవాలన్న ప్రశ్న వచ్చింది. ఆన్సిబుల్‌కు రెడ్ హ్యాట్ వారే 2017లో ఓపెన్ సోర్సుగా విడుదల చేసిన ఏడబ్ల్యుఎక్స్ అనే డ్యాష్‌బోర్డు ఉంది. అది చాలా సమర్థమైనది. కానీ 18వ వెర్షన్ నుంచి దాన్ని కుబెర్నెటిస్ అనే, కంటైనర్లను నడిపే పెద్ద వ్యవస్థ మీద పెట్టుకోవాల్సి వస్తోంది. పదకొండు సర్వర్లను చూసుకోవడానికి ముందు ఒక కుబెర్నెటిస్‌ను చూసుకోవడం మాలాంటి ముగ్గురి జట్టుకు మోయలేని బరువు. పైగా 2024 జులై తర్వాత పునర్నిర్మాణం కోసమని దాని కొత్త వెర్షన్ల విడుదలను నిలిపివేశారు. కాక్‌పిట్ అనే మరో వెబ్ తెరను కూడా చూశాం. 9090 పోర్టులో, అంటే ఆ నంబరు నెట్‌వర్కు ద్వారంలో, తెరుచుకునే ఆ తెర ఒక్కొక్క యంత్రాన్ని దగ్గరగా చూడటానికి ఎంతో బాగుంటుంది, కానీ అన్నింటికీ ఒకే కాన్ఫిగరేషన్ ఉండేలా చూడటం దాని పని కాదు. సెమఫోర్ గో భాషలో రాసిన ఒకే ఒక్క ప్రోగ్రాము ఫైలు. ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఎంఐటీ లైసెన్సు మీద దొరుకుతుంది. 2 జీబీ ర్యామ్ ఉన్న చిన్న వర్చువల్ యంత్రంలో మాకు ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తోంది.

ఇప్పుడు తెర మీదకు రండి. ప్యాకేజీ ఎక్కించిన తర్వాత సెమఫోర్ సెటప్ అనే కమాండు ఇస్తే అది ఒక్కొక్క ప్రశ్నే అడుగుతూ వెళుతుంది. డేటాబేసు ఏది కావాలని అడిగినప్పుడు మేము పోస్ట్‌గ్రెస్ ఎంచుకున్నాం, ఎందుకంటే దాని బ్యాకప్ తీయడం మాకు అలవాటైన పని. మెయిల్ హెచ్చరికలు, టెలిగ్రామ్ హెచ్చరికలు కావాలా అని అడిగి, కాన్ఫిగ్ జేసన్ అనే ఫైలు రాసి ఇచ్చి, చివరికి అడ్మిన్ పేరు, పాస్‌వర్డు తీసుకుంటుంది. ఈ ఫైలును ఒకసారి దగ్గరగా చూపిస్తాను. ఇదిగో, ఇక్కడ యాక్సెస్ కీ ఎన్‌క్రిప్షన్ అనే వరుస ఉంది చూడండి. దాని ఎదురుగా ఉన్న ఈ పొడవాటి అక్షరాల మాలతోనే సెమఫోర్ మీ ఎస్ఎస్‌హెచ్ కీలనూ పాస్‌వర్డులనూ మూసిపెట్టి డేటాబేసులో దాస్తుంది. డేటాబేసు బ్యాకప్ రోజూ తీస్తూ ఈ ఒక్క వరుసను దాచుకోకపోతే, రేపు యంత్రం పాడైన రోజున తాళంచెవి లేని పెట్టె మాత్రమే చేతిలో ఉంటుంది. దీన్ని డేటాబేసు బ్యాకప్ పక్కనే కాకుండా వేరే చోట భద్రపరచండి.

సర్వీసును రూట్ పేరుతో, అంటే అన్ని అధికారాలూ ఉన్న యూజరుతో, నడపకండి. దాని కోసం విడిగా ఒక యూజరును సృష్టించి, సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ వారి యూనిట్ ఫైలులో ఆ యూజరు పేరు రాయండి. ఆన్సిబుల్‌ను పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ అనే విడి డైరెక్టరీలో పెట్టుకున్నవారు, ఆ డైరెక్టరీ దారిని కూడా యూనిట్ ఫైలులోని పాత్‌లో, అంటే ప్రోగ్రాములను వెతికే దారుల జాబితాలో, చేర్చాలి. లేకపోతే టెర్మినల్‌లో చక్కగా నడిచే ఆన్సిబుల్ డ్యాష్‌బోర్డులో మాత్రం కనబడటం లేదని ఎర్రటి వరుస వస్తుంది. నాకు ఇక్కడే ఒక సాయంత్రం గడిచిపోయింది.

సెమఫోర్ మామూలుగా 3000 పోర్టులో వింటుంది. ఆ పోర్టును బయటికి తెరవకండి. ఇంటర్‌ఫేస్ అనే వరుసలో 127.0.0.1 అని (ఆ యంత్రం లోపలి చిరునామా) రాసి, ముందు ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వరును పెట్టి, హెచ్‌టీటీపీఎస్ (గుప్తీకరించిన కనెక్షన్) పనిని దానికే అప్పగించండి. ఎన్‌జిన్‌ఎక్స్‌లో, లాగ్‌ను ఎప్పటికప్పుడు తెర మీదకు పంపే వెబ్‌సాకెట్ కోసం అప్‌గ్రేడ్, కనెక్షన్ అనే రెండు హెడర్లను కూడా పంపాలి. అవి లేకపోతే పని నడుస్తున్నా లాగ్ కదలదు, పేజీని మళ్లీ తెరిస్తే గాని కొత్త వరుసలు రావు. మేము దీనికి ముందు వీపీఎన్, అంటే అనుమతి ఉన్నవారికే తెరిచే గుప్త మార్గం, కూడా పెట్టాం. పదకొండు సర్వర్ల తాళాలూ ఒకేచోట వేలాడుతున్న గోడ ఇది. ఇంటర్నెట్‌కు నేరుగా ఎదురుగా పెట్టవద్దని మిమ్మల్ని గట్టిగా కోరుతున్నాను.

లోపల ఏర్పాటు సులభంగా అర్థమవుతుంది. కీ స్టోరులో ఎస్ఎస్‌హెచ్ కీ పెడతాం, రిపోజిటరీలో గిట్ చిరునామా ఇస్తాం, ఇన్వెంటరీలో సర్వర్ల పేర్లు రాస్తాం, ఈ మూడింటినీ కలిపి ఒక టెంప్లేట్ తయారుచేస్తాం. మొదటిసారి నడిపినప్పుడు చాలామందికి హోస్ట్ కీ (సర్వరు గుర్తింపు) దగ్గర పని ఆగిపోతుంది. కొత్త సర్వరును నమ్మాలా అని ఎస్ఎస్‌హెచ్ అడిగే ప్రశ్నకు ఇక్కడ జవాబిచ్చే మనిషి ఉండడు. హోస్ట్ కీ పరీక్షనే ఆపేయమని చాలా పాఠాల్లో చెబుతారు. నేను అలా చెప్పను. సెమఫోర్ యూజరు పేరుతో ఒకసారి అన్ని సర్వర్ల కీలనూ సేకరించి, వాటి వేలిముద్రలను, అంటే చిన్న గుర్తింపు సంకేతాలను, ఆయా యంత్రాల కన్సోలులో సరిచూసుకుని, నమ్మిన సర్వర్ల జాబితా అయిన నోన్ హోస్ట్స్ ఫైలులో పెట్టండి. పదకొండు సర్వర్లకు అరగంట చాలు.

ఇప్పుడు గడియారం ప్లేబుక్‌ను మీ ముందే నడుపుతాను. రన్ నొక్కగానే డ్రై రన్, డిఫ్ అనే రెండు ఎంపికలు కనిపిస్తున్నాయి. రెండూ పెట్టాను. లాగ్‌లో ఒక్కొక్క సర్వరు పేరు పక్కన ఆకుపచ్చ ఓకే వస్తోంది. తూకం సర్వరు దగ్గర పసుపు రంగులో చేంజ్డ్ వచ్చింది. ఈ వీడియో కోసమే నిన్న రాత్రి దానిలో ఒక వరుస మార్చి ఉంచాను. చూడండి, మైనస్ గుర్తుతో ఉన్న వరుసలో నేను రాసిన పాత సర్వరు పేరు, ప్లస్ గుర్తుతో ఉన్న వరుసలో ఎన్ఐసీ వారి సమయ్ సర్వరు పేరు. ఇంకా ఏదీ మారలేదు, మారబోయేది మాత్రమే చూపించింది. ఇదే సౌకర్యం టెర్మినల్‌లోనూ ఉంది. కానీ ఇక్కడ ఎవరు నడిపారు, ఏ రోజు, ఏ గంటకు, గిట్‌లోని ఏ మార్పుతో నడిపారు అన్నది కూడా లాగ్ పక్కనే నిలిచిపోతుంది. ఆ రోజు మా ముగ్గురి దగ్గరా లేని జవాబు ఇదే.

రాత్రి షిఫ్టులో ఉండే సహోద్యోగికి టాస్క్ రన్నర్ హోదా ఇచ్చాం. ఆయన టెంప్లేట్లను నడపగలరు, మార్చలేరు, కీలను చూడలేరు. సర్వీసు ఆగిపోయిందని ఆయన రాత్రి రెండు గంటలకు నాకు ఫోన్ చేయాల్సిన అవసరం ఇప్పుడు చాలావరకు తప్పింది.

నాకు నచ్చని విషయం ఒకటుంది, అది చిన్నది కాదు. షెడ్యూలు పెట్టి ప్రతి రాత్రీ డ్రై రన్ నడిపిస్తే, ఏదైనా సర్వరు దారి తప్పినా టాస్కుల జాబితాలో మాత్రం సక్సెస్ అనే ఆకుపచ్చ గుర్తే కనిపిస్తుంది. పని లోపం లేకుండా పూర్తయింది కాబట్టి దాని లెక్కలో అది విజయమే. లాగ్ తెరిచి చేంజ్డ్ సంఖ్య చూస్తే గాని తేడా తెలియదు. ఈ విషయంలో ఆన్సిబుల్ లాంటి మరో సాధనమైన పప్పెట్ వారి పద్ధతి మేలు. అక్కడ ప్రతి సర్వరులోనూ ఉండే ఏజెంటు మామూలుగా 30 నిమిషాలకోసారి పరీక్షించుకుని నివేదిక పంపుతుంది. పప్పెట్‌బోర్డు అనే తెర ఆ నివేదికలను చదివి ఏ సర్వరు మారింది, ఏది విఫలమైంది, ఏది నివేదికే పంపలేదు అని విడివిడిగా చూపిస్తుంది. అయితే దానికి పప్పెట్‌డీబీ, దాని కింద పోస్ట్‌గ్రెస్, ప్రతి యంత్రంలో ఏజెంటు, ఇంత సరంజామా కావాలి. మేము సెమఫోర్‌లోనే ఉండి ఒక మార్గం చూసుకున్నాం. రాత్రి నడిపే ప్లేబుక్ విడిగా రాసి, ప్రతి పనికీ చెక్ మోడ్ (మార్చకుండా పరీక్షించే పద్ధతి) పెట్టి, ఫలితాన్ని రిజిస్టర్ చేసి, మార్పు అవసరమని తేలితే దాన్ని వైఫల్యంగా లెక్కించమని ఫెయిల్డ్ వెన్ వరుసలో రాశాం. ఇప్పుడు ఏ ఒక్క సర్వరు తప్పినా జాబితాలో ఎర్ర గుర్తు పడుతుంది, టెలిగ్రామ్‌కు కబురు వస్తుంది.

ఎవరికి ఇది సరిపోతుందని అడిగితే, ఆన్సిబుల్ ఇప్పటికే వాడుతూ, పది నుంచి యాభై సర్వర్ల మధ్య చూసుకునే చిన్న జట్లకు నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. ప్లేబుక్ రాయడం రానివారు ముందు అది నేర్చుకుని తర్వాత దీని దగ్గరకు రావాలి.

చివరిగా మన ఊరివాళ్ల కోసం ఒక మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తాకిన తర్వాత విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. అందుకని మా ప్లేబుక్‌ల గిట్ నకలు, సెమఫోర్ డేటాబేసు బ్యాకప్ ఊరి బయట ఒక క్లౌడ్ సర్వరులో ఉన్నాయి, నేను ఇందాక చూపించిన ఆ పొడవాటి కీ మాత్రం కాగితం మీద సీలు చేసిన కవరులో రెండు వేర్వేరు ఇళ్లలో ఉంది. పోయిన నెల ఆ మూడింటితో ఒక ఖాళీ ల్యాప్‌టాప్‌లో మొత్తం తిరిగి నిలబెట్టి చూశాం. యాభై నిమిషాలు పట్టింది. పదకొండు సర్వర్లలో పది వెంటనే పలికాయి. పదకొండోది ఆ కొత్త ల్యాప్‌టాప్ చిరునామాను ఫైర్‌వాల్ దగ్గర ఆపేసింది. ఆ చిరునామాను అనుమతించే వరుస ఇప్పుడు ప్లేబుక్‌లో ఉంది.