మెమరీ డిస్కు ఎక్కడ బిగుసుకుంటుంది

అందరికీ నమస్కారం.

పింగ్ చేస్తే సర్వర్ జవాబిస్తుంది. లాగిన్ అవుదామంటే పాస్‌వర్డ్ అడిగి అక్కడే ఆగిపోతుంది. ప్రాసెస్‌ను కిల్ చేసినా చావదు. ప్రాసెసర్ చూస్తే ఖాళీగా ఉంటుంది. మెమరీ డిస్కుల (ర్యామ్‌నో ఫైలునో డిస్కులా చూపించేవాటి) మీద రాతల ఒత్తిడి పెరిగినప్పుడు ఇలా జరుగుతుంది. ర్యామ్ చాలలేదేమో అనుకుని ఇంకొంచెం కొని వేస్తాం. అన్నిసార్లూ అది మందు కాదు.

ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో మెమరీ డిస్కులను తయారుచేసే ఎండీ డ్రైవర్‌నే చూడండి. అందులో మామూలు ఫైలును డిస్కుగా చూపించే రకం ఒకటుంది. దాని మీద పడే ప్రతి రాతా రెండు రాతలవుతుంది: పైన ఆ డిస్కులోని ఫైల్‌సిస్టమ్‌ది ఒకటి, కింద అసలు ఫైలున్న ఫైల్‌సిస్టమ్‌ది ఇంకొకటి. ఒకేసారి నడిచే రాతలకు కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఒక హద్దు పెట్టింది. పై రాతలే ఆ హద్దును నింపేస్తే? వాటిని పూర్తి చేయాల్సిన ఎండీ త్రెడ్‌కు (డ్రైవర్ పని నడిపే భాగానికి) కింద రాయడానికి చోటు దొరకదు. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు. ఎంత ర్యామ్ ఉన్నా ఈ ముడి విడదు. అందుకే తర్వాత ఆ త్రెడ్‌కు హద్దు నుంచి మినహాయింపు ఇచ్చారు. లినక్స్‌లో ఫైలును డిస్కుగా చూపించే లూప్ డివైస్‌కూ ఇలాంటి సడలింపే ఉంది.

ఎండీలోనే మాలక్ అనే ఇంకో రకం సంగతి వేరు. అది కెర్నెల్ సొంత మెమరీని తింటుంది, స్వాప్‌కు (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్కు జాగాకు) పోదు. ముందే రిజర్వ్ చేయకుండా పెద్దది సృష్టించి నింపితే సిస్టమ్ పానిక్ కావడం (కుప్పకూలడం) చాలా తేలికని మాన్యువలే హెచ్చరిస్తుంది. నేనైతే స్వాప్‌కు పోగలిగే స్వాప్ రకమే వాడమంటాను.

లినక్స్ వాళ్లు ఫైళ్లను మెమరీలోనే ఉంచే టీఎంపీఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ దగ్గర జాగ్రత్త పడాలి. సైజు చెప్పకపోతే ర్యామ్‌లో సగం దాకా పోనిస్తుంది. కానీ ఆ సగం ఒక్కో మౌంట్‌కు విడివిడిగా! రెండు మౌంట్లు నిండితే మిగిలేదేముంది? అప్పుడు ఓఓఎం కిల్లర్ (మెమరీ అయిపోతే రంగంలోకి దిగే కెర్నెల్ భాగం) వచ్చి ప్రాసెస్‌లను చంపుతుంది. ప్రాసెస్ పోయినా ఫైళ్లు పోవు, మెమరీ తిరిగి రాదు. కాబట్టి మౌంట్లన్నింటి సైజులూ కలిపి లెక్క వేసుకోండి.

ఫ్రీబీఎస్‌డీ వాడేవాళ్లకు ఒక మాట. రీసెట్ నొక్కే ముందు, ఆగిపోయిన టెర్మినల్‌లో కంట్రోల్-టీ కొట్టండి. ప్రాసెస్ దేనికోసం ఎదురుచూస్తోందో చదరపు బ్రాకెట్లలో కనిపిస్తుంది. అక్కడ డబ్ల్యూడ్రెయిన్ (wdrain) అని ఉంటే, అది ఇందాక చెప్పిన హద్దు దగ్గరే ఆగి ఉంది.