పొట్లీ బ్యాగుతో బార్బీకి పట్టు పరికిణీ: సంక్రాంతి బొమ్మల కొలువు కోసం

[బల్ల మీద ఒక పొట్లీ బ్యాగు, ఒక జత పసిపిల్లల సాక్సులు, తెల్ల చేతిరుమాలు, గిఫ్ట్ రిబ్బను, కత్తెర]

నమస్తే అండి. ఈ బల్ల మీద ఉన్నవేవీ బొమ్మల బట్టల కోసం కొన్నవి కావు. పొట్లీ బ్యాగు, అంటే బొందు లాగి మూతి బిగించే చిన్న గుడ్డ సంచి, ఎవరింట్లోనో పేరంటానికి వెళితే రిటర్న్ గిఫ్ట్‌గా వచ్చింది, సాక్సులు పిల్లాడికి పట్టడం మానేశాయి, రుమాలు మామూలు బజారు రుమాలు. వీటితోనే ఈ సంక్రాంతి కొలువులో బార్బీకి పరికిణీ, జాకెట్టు, దాని పక్కన నిలబడే అబ్బాయి బొమ్మకి పంచె చేద్దాం.

కొలువులో బార్బీ ఏంటి అంటారేమో. కొండపల్లి బొమ్మలకు చీరలు, పంచెలు రంగులతోనే వేసేస్తారు కాబట్టి వాటికి మనం కుట్టాల్సిందేమీ లేదు. కానీ తిరుపతి ఎర్రచందనం చెక్క బొమ్మల జంట గుర్తుందా? వాటికి గుడ్డముక్కలతో చీర, పంచె కట్టి కొలువులో పెట్టడం పాత అలవాటే. బొమ్మకు పండగ బట్టలు తొడగడం మనకు కొత్త కాదు, ఇప్పుడు పిల్లల చేతుల్లో ఉన్న బొమ్మ మారిందంతే. పిల్లకి ప్రాణమైన బొమ్మ కొలువులో ఉంటే, ఆ మూడు రోజులూ పిల్ల మెట్ల దగ్గర నుంచి కదలదు. నాకు అదే కావాలి.

ముందు ఒక్క మాట చెబుతాను, దీని మీదే అంతా ఆధారపడి ఉంది. బొమ్మ బట్టల్లో కష్టం కత్తిరించడంలో ఉండదు, అంచు మడిచి కుట్టడంలో ఉంటుంది. పావు అంగుళం మడత వేయాలి, జరీ పోగులు ఊడిపోతుంటాయి, మెషిన్ పాదం కింద ఆ చిన్న గుడ్డ కనపడను కూడా కనపడదు. అందుకే రెడీమేడ్ వస్తువు చేతిలోకి తీసుకున్నప్పుడు గుడ్డ ఎంత ఉందని చూడకండి, దానికి కుట్టి ఉన్న అంచులు ఎక్కడున్నాయో చూడండి. ఆ అంచు బొమ్మకి బయటికి కనపడే చోటికి రావాలి, మనం కత్తిరించిన వైపు ఎక్కడో లోపలికి పోవాలి.

[దగ్గర షాట్: పొట్లీ బ్యాగు మూతి]

ఇదిగో పొట్లీ బ్యాగు. బొందు దూర్చిన పట్టీ కుట్టే ఉంది, అంటే పరికిణీ నడుము సిద్ధంగా ఉన్నట్టే. ఈ సంచి వెడల్పు 7 అంగుళాలు, కాబట్టి చుట్టూ 14. మామూలు బార్బీ ఎత్తు పదకొండున్నర అంగుళాలు, నడుము సుమారు మూడున్నర. 14 అంగుళాల బ్రోకేడ్‌ని మూడున్నరలోకి లాగితే కుచ్చులు గుట్టగా పోగుపడి పరికిణీ గొడుగులా లేచి నిలబడుతుంది. కాబట్టి ముందు బొందులు రెండూ బయటికి తీసేసి, ఒక పక్క కుట్టు విప్పి, 4 అంగుళాలు తీసేసి, మళ్లీ కుట్టేయండి. నడుముకి మూడు రెట్ల లోపు గుడ్డ ఉంటే కుచ్చులు చక్కగా పడతాయి. కుట్టేటప్పుడు బొందు దూరే చోటు మూసేయకండి, అది గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు అడుగు కుట్టు. దీన్ని కత్తిరించొద్దు, విప్పండి. రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది కానీ అర అంగుళం గుడ్డ మిగులుతుంది, దాన్ని లోపలికి మడిచి పైన సన్న జరీ లేసు వేస్తే అదే పరికిణీ అంచు. లేసు అర అంగుళం దాటకూడదు. మనకు ముచ్చటగా కనిపించే రెండు అంగుళాల అంచు బొమ్మకి దాదాపు మోకాళ్ల దాకా వచ్చేస్తుంది. బుటాలు కూడా అంతే, చిన్న చిన్నవి ఉన్న సంచే ఎంచుకోండి.

నడుము పట్టీ పైన ఈ కుచ్చు అంచు ఉంది కదా, దాన్ని పట్టీకి పావు అంగుళం పైన కత్తిరించి, కత్తిరించిన చోట రంగులేని గోళ్ల రంగు సన్నగా రాయండి. జరీ పోగు ఇక కదలదు. తీసేసిన ముక్క పారేయకండి, దానికి ఒక వైపు అంచు కుట్టే ఉంది, జాకెట్టు చేతులకి అదే కావాలి.

ఇక పొడవు. బార్బీకి నడుము నుంచి చీలమండ దాకా ఆరున్నర, ఏడు అంగుళాలు వస్తుంది. సంచి అంతకంటే పొడవుంటే కింద కత్తిరించాలనిపిస్తుంది, వద్దు. మన చిన్నప్పుడు పట్టు పరికిణీ కుట్టించేటప్పుడు అమ్మలు కావాలని పొడవు ఎక్కువ పెట్టించి, మధ్యలో టక్కులు, అంటే అడ్డంగా మడిచి కుట్టే మడతలు, వేయించేవాళ్లు, పిల్ల ఎదిగిన కొద్దీ ఒక్కో టక్కు విప్పేవాళ్లు, విప్పిన చోట పట్టు రంగు ముదురుగా కొత్తగా కనిపించేది. ఇక్కడా అదే పని చేద్దాం. అంచుకి అంగుళం పైన అడ్డంగా ఒక టక్కు. పొడవు సరిపోతుంది, అంచు పాడవదు, పైగా ఆ గీత వల్లే అది నిజమైన పరికిణీలా కనిపిస్తుంది. నన్నడిగితే పొడవు సరిపోయినా సరే ఒక టక్కు పట్టేంత పెద్ద సంచే తీసుకోమంటాను.

[బొందు మళ్లీ దూర్చి, లాగి బొమ్మ నడుముకి ముడి వేయడం]

బొందు వల్ల ఇంకో లాభం ఉంది. బొమ్మ నడుము సన్నం, తుంటి వెడల్పు, అందుకే కొన్న బట్టలకు వెనకాల వెల్‌క్రో ఉంటుంది, అది జరీని, బొమ్మ జుట్టుని పట్టి లాగేస్తుంది. బొందు వదులు చేస్తే చాలు, ఐదేళ్ల పిల్ల కూడా తనంతట తను తొడిగేస్తుంది.

18 అంగుళాల బొమ్మలుంటాయి కదా, అమెరికన్ గర్ల్ లాంటివి, వాటి నడుమే 11 అంగుళాలు. వాటికి ఒకే రకం సంచులు రెండు విప్పి జత చేయండి. హైదరాబాద్ బేగంబజార్‌లో ఇలాంటి సంచులు డజన్ల లెక్కన అమ్ముతారు, రాజమండ్రి వాళ్లయితే తాడితోటలో బ్లౌజ్ పీస్ తీసుకున్నా పని జరుగుతుంది, కాకపోతే నడుము పట్టీ మీరే కుట్టుకోవాలి.

జాకెట్టుకి సాక్సు. మడమ పైన కత్తిరించండి, గొట్టంలా రెండు అంగుళాల ముక్క వస్తుంది. సాగే అంచు మెడ వైపు పెట్టండి, కత్తిరించిన వైపు పరికిణీ లోపలికి పోతుంది కాబట్టి దానికి కుట్టే అక్కర్లేదు. రెండు పక్కలా చేతుల కోసం చిన్న గాట్లు పెట్టి, చుట్టూ ఒక వరస దారం నడపండి. మెషిన్ వద్దు, ఈ పని సూదితోనే బాగా వస్తుంది. పక్కన పెట్టుకున్న ఆ జరీ ముక్కని రెండు చిన్న గొట్టాలు చేసి గాట్లకి కుట్టేస్తే చేతులు సిద్ధం. తొడిగేటప్పుడు బొమ్మ వేళ్లు దారాల్లో ఇరుక్కుంటాయి, చేతికి చిన్న ప్లాస్టిక్ కవర్ ముక్క చుట్టి దూర్చండి, జారిపోతుంది.

మెషిన్ మీదే కుట్టాలనుకునే వాళ్లు గుడ్డ కింద పల్చటి కాగితం పెట్టండి. లేదంటే చిన్న ముక్కల్ని మెషిన్ సూది దిగే కన్నంలోకి లాగేసుకుంటుంది. కుట్టాక కాగితం చింపేయడమే.

[తెల్ల రుమాలు పరిచి, స్కేలుతో కొలవడం]

అబ్బాయి బొమ్మకి పంచె ఇంకా సులువు. రుమాలుకి నాలుగు వైపులా అంచు ఉంది. ఒక అంచు నుంచి ఏడున్నర అంగుళాలు కొలిచి అడ్డంగా కత్తిరించండి. ఇప్పుడు కింద అంచు ఉంది, రెండు పక్కలా ఉంది, కత్తిరించిన వైపు నడుములో దోపేస్తాం. కింద సన్న జరీ లేసు, భుజం మీద కండువాగా ఒక రిబ్బను. పంచెకి కుట్టు అంటే ఆ లేసు ఒక్కటే.

రిబ్బను అంటే గుర్తొచ్చింది, అమెరికాలో ఉండి చూస్తున్న వాళ్లకి. క్రిస్మస్ అయిన మర్నాటి నుంచి పండగ సరుకు ధర బాగా తగ్గిపోతుంది, సంక్రాంతికి ఇంకా దాదాపు మూడు వారాలు టైం ఉంటుంది. బంగారు అంచున్న వెడల్పాటి ఎర్ర, ఆకుపచ్చ రిబ్బన్లు వదలకండి, మన పట్టు రంగులే అవి, రెండు వైపులా అంచు ఉంటుంది, ఓణీకి సరిగ్గా సరిపోతాయి. కొన్నింటి అంచులో సన్న తీగ ఉంటుంది, పిల్లల చేతికిచ్చే ముందు దాన్ని పూర్తిగా లాగేయండి.

ఇప్పుడు రంగు సంగతి, దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ముదురు ఎరుపు, మెరూన్, నీలం గుడ్డల రంగు బొమ్మ ప్లాస్టిక్‌లోకి ఇంకుతుంది, ఒకసారి ఇంకితే సబ్బుకి పోదు. కుట్టే ముందే తడిపిన తెల్లగుడ్డతో సంచిని గట్టిగా రుద్ది చూడండి. రంగు అంటితే లోపల తెల్ల కాటన్ లంగా తప్పనిసరి, రుమాలులో మిగిలిన ముక్క దానికి సరిపోతుంది.

కొలువు ఎత్తేశాక బొమ్మకి ఈ బట్టలు విప్పేసే దాచండి. జరీ మడతపడకుండా పరికిణీని ఒక కాగితం గొట్టానికి చుట్టి, మీద మల్లు గుడ్డ కప్పండి. బొమ్మలున్న పెట్టెలో కలరా ఉండలు వేయకండి, ప్లాస్టిక్ దెబ్బతింటుంది. ఎండు వేపాకు చిన్న మూట కట్టి, బట్టలున్న వైపు పెడితే చాలు.