సన్నాయి వినబడింది, పెళ్లికూతురు కనబడలేదు: లైనక్స్‌లో కోడెక్ గొడవ

నమస్తే అండీ. వెనకాల ఆ హోరు సముద్రానిది కాదు, మా ఎంవీపీ కాలనీ ఆటోలది. సర్దుకుపోండి.

మొన్న పెద్దమ్మ వాళ్లింట్లో, సింహాచలంలో జరిగిన అక్క పెళ్లి వీడియో పెట్టమన్నారు. ఆ పీసీలో ఫెడోరా, అంటే ఫ్రీగా దొరికే ఒక రకం లైనక్స్, వేసింది నేనే. ఫైల్ తెరిస్తే సన్నాయి గట్టిగా వినిపిస్తోంది, స్క్రీన్ మాత్రం నల్లగా ఉంది. "ఫ్రీగా వచ్చిందంటే అలాగే ఉంటాదిరా" అంది పెద్దమ్మ. పరువు పోయింది.

ఇదిగో, అదే ఫైల్. టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైపు చేసే కిటికీలో, ఎఫ్ఎఫ్‌ప్రోబ్ (ఫైల్లో ఏముందో చెప్పే కమాండ్) అని కొట్టి, పక్కన ఫైల్ పేరు ఇస్తున్నాను. వీడియో అన్న లైన్ చూడండి, హెచ్‌ఈవీసీ అని ఉంది, అది వీడియోని కుదించే ఒక పద్ధతి. దాని కింద ఆడియో, ఏఏసీ, అది శబ్దాన్ని కుదించే పద్ధతి. ఏఏసీని విప్పే కోడెక్, అంటే కుదించి విప్పే ప్రోగ్రామ్, ఫెడోరాలో ఉంది, హెచ్‌ఈవీసీది లేదు. రాయడం చేతకాక కాదు, పేటెంట్ల వల్ల వదిలేశారు.

అన్నదానం అనుకోండి. ఎవరొచ్చినా విస్తరి వేస్తారు, తిన్నవాళ్లు ఇంకొకరికి పట్టుకెళ్లినా అడగరు. అక్కడికొకాయన వచ్చి "ఈ పులిహోర పద్ధతి నాది, విస్తరికి ఇంత ఇవ్వండి" అంటే? విస్తళ్లు లెక్కపెట్టేదెవరు? కోడెక్ రాయల్టీ కూడా మామూలుగా కాపీకింత అనే లెక్కే. లైనక్స్‌ని ఎన్ని కాపీలు తీశారో ఎవరికీ తెలీదు. పైగా చాలా ఫ్రీ సాఫ్ట్‌వేర్‌కి వాడే జీపీఎల్ లైసెన్స్ రెండో వెర్షన్, ఏడో సెక్షన్ ఏమంటుందంటే, పేటెంట్ వల్ల మీ దగ్గర తీసుకున్నవాళ్లు రాయల్టీ లేకుండా మళ్లీ పంచుకోలేకపోతే, మీరూ పంచకూడదు. అంటే డబ్బు కట్టేవాడు దొరికినా ముడి విడిపోదు.

హెచ్‌ఈవీసీ మరీ ఘోరం. 2013లో వచ్చింది, కొన్నేళ్లకే లైసెన్స్ వసూలుకు మూడు వేర్వేరు కూటములు తయారయ్యాయి.

మన దేశంలో పేటెంట్ చట్టం సెక్షన్ 3(కె) ప్రకారం ఉత్త కంప్యూటర్ ప్రోగ్రామ్‌కి పేటెంట్ ఇవ్వరు. అలాగని గుండె మీద చెయ్యేసుకుని పడుకోవడానికి లేదు: డీవీడీ ప్లేయర్ల పేటెంట్ కేసులో 2018లో ఢిల్లీ హైకోర్టు ఫిలిప్స్ వైపే తీర్పిచ్చింది. ఫెడోరా వెనకున్న రెడ్ హ్యాట్ కంపెనీది అమెరికా, అక్కడ భయం ఇంకా ఎక్కువ.

హెచ్‌ఈవీసీకి ముందు తరమైన హెచ్.264కి మాత్రం సిస్కో కంపెనీ ఒక దారి చూపింది, 2013లో. ఓపెన్‌హెచ్264 అనే తన కోడెక్ సోర్స్ కోడ్ అందరికీ ఇచ్చింది, రాయల్టీ తనే కడతానంది. కాకపోతే బైనరీ, అంటే నడపడానికి సిద్ధంగా ఉన్న ఫైల్, నేరుగా సిస్కో దగ్గరి నుంచే దిగాలి. పాయసం దాత ఇంటి నుంచి వస్తే ఖర్చు దాతది, అదే కొలతలతో మీరు వండుకుంటే మీది. తిక్కగా ఉంది కదా? ఫెడోరాలో దానికి విడిగా రిపోజిటరీ (సాఫ్ట్‌వేర్ దించుకునే గోదాము) ఉండటానికి కారణం ఇదే.

సరే, పని చూద్దాం. ముందు ఫెడోరా పెట్టని సాఫ్ట్‌వేర్ ఉంచే ఆర్‌పీఎం ఫ్యూజన్ రిపోజిటరీ కలపాలి, కమాండ్ స్క్రీన్ మీద ఉంది. తర్వాత ఒక ప్యాకేజీ తీసి ఇంకోటి పెట్టే డీఎన్ఎఫ్ స్వాప్ కమాండ్‌తో, కోడెక్‌లు తగ్గించిన ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఫ్రీ తీసేసి, పూర్తి ఎఫ్ఎఫ్ఎంపెగ్ పెడుతున్నాను. చివర్లో అలౌ ఎరేజింగ్ మర్చిపోకండి, లేకపోతే ప్యాకేజీలు కొట్టుకుంటాయి. ఆఫీసు సిస్టమ్స్‌లో చేసేముందు మాత్రం లాయర్‌ని అడగండి.

ఉబుంటు అనే ఇంకో లైనక్స్ వాడేవాళ్లు రెస్ట్రిక్టెడ్ ఎక్స్‌ట్రాస్ అనే ప్యాకేజీ వేసుకోండి. మధ్యలో ఫాంట్ల లైసెన్స్ స్క్రీన్ వస్తుంది, అక్కడ మౌస్ పనిచేయదు. ట్యాబ్ నొక్కితే ఓకే మీదకు వెళ్తుంది, అప్పుడు ఎంటర్. నేను మొదటిసారి అక్కడే ఇరుక్కుని టెర్మినల్ మూసేశాను.

ఎంపీ3 గురించి టెన్షన్ వద్దు. దాని లైసెన్స్ కార్యక్రమం 2017 ఏప్రిల్‌లోనే ముగిసింది.

ఇప్పుడు ప్లే చేస్తున్నాను. బొమ్మ వచ్చింది! కానీ సీపీయూ ఫ్యాన్ హోరు వినండి. 2022లో ఫెడోరా ఇదే పేటెంట్ భయంతో ఇలాంటి కోడెక్‌లకు గ్రాఫిక్స్ కార్డు డీకోడింగ్ (విప్పడం) కూడా ఆపేసింది, అందుకే భారమంతా సీపీయూ మీద పడుతోంది. ఏఎండీ కార్డున్నవాళ్లు మీసా ఫ్రీవరల్డ్ అనే గ్రాఫిక్స్ డ్రైవర్ ప్యాకేజీ కూడా మార్చుకోండి. పెద్దమ్మ వాళ్ల పీసీలో మార్చాక హోరు తగ్గింది, తలంబ్రాల ముక్క మూడుసార్లు వెనక్కి తిప్పించుకుంది.