సుందరకాండలో రెక్కీ: లంకలో దిగాక హనుమంతుడు ఏం లెక్కేశాడు?

హోస్ట్: నమస్కారమండీ, బెజవాడ నుంచి మాట్లాడుతున్నాం. సుందరకాండ అనగానే అందరికీ సముద్రం దూకడమే గుర్తొస్తుంది. మాస్టారూ, మీరేమో దూకడం కంటే దిగాక చేసిందే గొప్పంటారు.

అతిథి: అవునమ్మా. నూరు యోజనాలు దాటొచ్చినవాడు నేరుగా కోటలోకి పోలేదు. కొండ మీద నిలబడి ఊరంతా పరికించాడు. పగలు వెళ్తే దొరికిపోతానని పొద్దుగూకేదాకా ఆగాడు. ఆనక పిల్లి అంత అయ్యి లోపలికి వెళ్లాడు. అన్నీ తెలుసనుకునే దూతలే పని చెడగొడతారని అక్కడే అనుకుంటాడు.

హోస్ట్: అంత జాగ్రత్తపడ్డా, మండోదరిని చూసి సీతే అనుకున్నాడుగా?

అతిథి: అనుకున్నాడు. తోక ముద్దుపెట్టుకుని గంతులు కూడా వేశాడు! అయితే మరుక్షణమే తనని తనే నిలదీసుకున్నాడు. రాముడికి దూరమైన మనిషి అలంకరించుకుని నిద్రపోతుందా, తింటుందా, తాగుతుందా అని. గుర్తు పట్టడానికి రూపం ఒక్కటే చాలదు, తీరు కూడా చూడాలి. ఊరంతా గాలించి, ఇక లేదనుకుని కుంగిపోయి, చివరికి వెతకనిది అశోకవనం ఒక్కటే మిగిలిందని గుర్తుచేసుకుంటాడు. చూసిన చోట్లకీ చూడని చోట్లకీ లెక్క ఉండబట్టే అది తట్టింది.

హోస్ట్: సీతమ్మ కనిపించాక మాత్రం ఆలస్యం దేనికి?

అతిథి: అదే 30వ సర్గ, అంటే అధ్యాయం. నన్నడిగితే కాండ మొత్తానికీ గుండెకాయ అదే. శింశుపా చెట్టు మీద కూర్చుని ఒక్కో దారీ చివరిదాకా నడిచి చూస్తాడు. పలకరించకుండా వెళ్లిపోతే? ఆవిడ ప్రాణం తీసుకోవచ్చు, పైగా ‘సీత ఏమంది’ అని రాముడడిగితే చెప్పడానికేం లేదు. పండితుడిలా సంస్కృతం మాట్లాడితే? రావణుడే అనుకుని భయపడుతుంది. ఆవిడ కేక వేస్తే? రాక్షసస్త్రీలు లేస్తారు, కావలివాళ్లు వస్తారు, యుద్ధమవుతుంది. వేలమందిని చంపగలడు. కానీ అలిసిపోయాక మళ్లీ నూరు యోజనాలు దాటగలడా? తను దొరికిపోతే, ఆ సముద్రం దాటి రాగల ఇంకో వానరుడు తనకి కనిపించడం లేదు. ‘గెలుస్తానా’ దగ్గర ఆగిపోలేదు చూడండి, ‘గెలిచాక తిరిగి వెళ్లే సత్తువ మిగులుతుందా’ అనేదాకా వెళ్లాడు. మనం సాధారణంగా వదిలేసే లెక్క ఇదే.

హోస్ట్: చివరికి రామకథ చెప్పడం మొదలెట్టాడు.

అతిథి: కొమ్మల చాటు నుంచే, మెల్లగా. దగ్గరికొచ్చాక ఆవిడ మళ్లీ రావణుడేనని అనుమానించింది. అప్పుడు రాముడి శరీర లక్షణాలు చెప్పాడు, ఆ తర్వాతే ఉంగరం తీశాడు. ముందే ఉంగరం చూపిస్తే, ఇదీ ఓ మాయే అనుకునేదేమో. తిరుగు ప్రయాణానికి కూడా రుజువు అడిగి తీసుకున్నాడు. చూడామణి, దాంతోపాటు సీతారాములిద్దరికే తెలిసిన కాకి కథ.

హోస్ట్: ఇది మన పనులకి ఎలా పనికొస్తుంది?

అతిథి: సింగ్ నగర్‌లో గోడౌన్ అద్దెకి తీసుకుంటున్నారనుకోండి. అద్దె, అడ్వాన్సు అందరూ అడుగుతారు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగినప్పుడు నీళ్లు గోడ మీద ఎక్కడిదాకా వచ్చాయో పక్కింటివాళ్లని అడగండి, గుర్తు కనిపిస్తే టేపుతో కొలవండి. వీధిలో నీళ్లు నిలిస్తే లారీ ఎటునుంచి బయటికి పోతుందో వానలో ఓసారి వెళ్లి చూడండి. ఓనరు చెప్పేది వినండి, సంతకం మాత్రం ఇవన్నీ అయ్యాకే.

హోస్ట్: మరి లంకాదహనం? అది ప్లాన్‌లో లేదుగా.

అతిథి: రెండు భాగాలుగా చూడాలమ్మా. 41వ సర్గలో సూత్రం చెప్తాడు: అప్పగించిన పని అయ్యాక, దానికి అడ్డురాకుండా ఇంకో పని కూడా చేసుకురాగలిగినవాడే సమర్థుడు. వనం విరిచింది శత్రువు బలం తెలుసుకోవడానికి. అక్కడిదాకా లెక్క ప్రకారమే. నిప్పు పెట్టాక మాత్రం, 55వ సర్గలో, గుండె ఝల్లుమంటుంది. సీత కూడా కాలిపోయిందేమో! మొదటి పనే బూడిదవుతుందేమోనని ముందు అనుకోలేదు, కోపంలో ఉన్నాడు. ఆవిడ క్షేమమని చారణుల, అంటే ఆకాశంలో తిరిగే దేవతాగణం వాళ్ల, మాటలు చెవిన పడ్డాకే కుదుటపడ్డాడు. అంతటి బుద్ధిమంతుడికే ఆ ఒక్క ప్రశ్న జారిపోయిందని వాల్మీకి దాచలేదు.

హోస్ట్: తిరిగొచ్చాక రాముడు ఏమడిగాడు?

అతిథి: యుద్ధకాండ మొదట్లో అడుగుతాడు, లంకకి దుర్గాలెన్ని, ద్వారాల దగ్గర కాపలా ఎంత అని. హనుమంతుడు నాలుగు ద్వారాలకీ విడివిడిగా చెప్తాడు: తూర్పున 10 వేలమంది, దక్షిణాన లక్ష... పడమర, ఉత్తరాల్లో ఇంకా ఎక్కువ. అగడ్తల మీద యంత్రాలతో నడిచే వంతెనలు, తాను విరిచినవేవో, పూడ్చినవేవో కూడా. రాముడు అది విని వెంటనే ముహూర్తం పెట్టినా, వానర సేనాపతి నీలుడికి వేరే పని అప్పగించాడు: ముందు నడిచి, పళ్లూ చల్లటి నీళ్లూ దొరికే దారినే సేనని తీసుకెళ్లు, దారిలో ఆ నీళ్లనీ దుంపల్నీ రాక్షసులు చెడగొట్టకుండా చూసుకో అని.