తెలుగు వాక్యం మీదుగా ఇంగ్లీషు వ్యాకరణం: ఆర్టికల్స్, డిటర్మినర్స్, పాసివ్ వాయిస్ బోధన

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, వివిధ జిల్లాల నుంచి వచ్చిన ఇంగ్లీషు ఉపాధ్యాయులకు నమస్కారం.

ఆరో తరగతిలో మొదలుపెట్టి డిగ్రీ దాకా ఏటేటా చెప్పినా విద్యార్థుల రాతలో నిలకడ పొందని అంశాలు మూడున్నాయి: ఆర్టికల్స్ (“ఎ”, “ఏన్”, “ద”), డిటర్మినర్స్ (నామవాచకం ముందు వచ్చే “దిస్”, “మై” వంటి మాటలు), పాసివ్ వాయిస్ (కర్మణి ప్రయోగం). తెలుగులో ఆర్టికల్స్ లేవు, వాడుక తెలుగులో పాసివ్ లేదు, కాబట్టి మన పిల్లలకు ఇవి పట్టుబడవు అని మనం తరచుగా సమాధానం చెప్పుకుంటాం. రూపం వరకు చూస్తే ఆ మాట నిజమే. కానీ ఆ రూపాలు ఏ అర్థభేదాన్ని చెప్పడానికి ఏర్పడ్డాయో ఆ భేదం తెలుగు మాట్లాడే ప్రతి పిల్లవాడికీ తెలుసు. తన భాషలో దాన్ని పదక్రమంతోనో, విభక్తితోనో, క్రియ చివరి ప్రత్యయంతోనో రోజూ చూపిస్తూనే ఉంటాడు. బోధన అక్కడి నుంచి మొదలు కావాలన్నది నా అభిప్రాయం.

“బల్ల మీద పుస్తకం ఉంది”, “పుస్తకం బల్ల మీద ఉంది” అనే రెండు వాక్యాలను నల్లబల్ల మీద రాసి, ఏ వాక్యం ఎప్పుడు అంటారని ఏడో తరగతి పిల్లలను అడగండి. బల్ల మీద ఏముందని అడిగితే మొదటిది అంటామని, పుస్తకం ఎక్కడుందని అడిగితే రెండోది అంటామని వాళ్ళు వెంటనే చెప్పగలరు. మొదటి వాక్యంలోని పుస్తకం వినేవాడికి కొత్తది, రెండో వాక్యంలోనిది అతనికి ముందే తెలిసినది. మొదటిదానికి ఇంగ్లీషులో “దేర్ ఈజ్ ఎ బుక్ ఆన్ ద టేబుల్” అంటారు, రెండోదానికి “ద బుక్ ఈజ్ ఆన్ ద టేబుల్” అంటారు. అలాగే “పుస్తకం చదివాను” అనడానికీ “పుస్తకాన్ని చదివాను” అనడానికీ మధ్య, ఎక్కువ సందర్భాల్లో, వినేవాడికి తెలిసిన ఫలానా పుస్తకమా కాదా అన్న తేడా ఉంటుంది. పదాల వరసతోనూ ద్వితీయా విభక్తితోనూ తెలుగు చేసే పనిని ఇంగ్లీషు నామవాచకం ముందు ఒక చిన్న మాట పెట్టి చేస్తుంది. ఈ సంగతి చూపించాక “ద” గురించి చెప్పే నియమం పిల్లవాడికి పరాయిదిగా తోచదు.

దీనికి బదులు మనం సాధారణంగా “ఎ” అంటే ఒక, “ద” అంటే ఆ అని చెప్పి ముగిస్తాం. చరిత్ర ప్రకారం ఆ జత తప్పు కాదు. ఇంగ్లీషు “ఏన్” పాత ఇంగ్లీషులో ఒకటి అనే సంఖ్యావాచకం నుంచి, “ద” నిర్దేశక సర్వనామం నుంచి వచ్చినవే. కానీ నేటి వాడుకలో ఈ జత ఎక్కువగా పొరపాట్లకే దారి తీస్తోంది. “ఆయన డాక్టరు” అన్న వాక్యంలో తెలుగుకు ఒక అవసరం లేదు, అందువల్ల విద్యార్థి “హీ ఈజ్ డాక్టర్” అని రాస్తాడు. “ఒకాయన వచ్చాడు” అన్న వాక్యంలో ఒక ఉంది, అందువల్ల “వన్ మ్యాన్ కేమ్” అని రాస్తాడు. రెండు తప్పులకూ మూలం మనం అలవాటు చేసిన ఆ సమీకరణమే.

ఆర్టికల్స్‌కు మంచి పాఠం కావాలంటే మనకు ఇంట్లోనే ఉంది. అనగనగా ఒక రాజు, ఆ రాజుకు ఏడుగురు కొడుకులు, ఆ ఏడుగురు కొడుకులూ వేటకు వెళ్ళి ఏడు చేపలు తెచ్చారు అనే కథ వినని తెలుగు పిల్లలు అరుదు. దాన్ని ఇంగ్లీషులో చెప్పించండి. మొదటిసారి వచ్చిన రాజు “ఎ కింగ్”, మరుక్షణం “ద కింగ్”. కొడుకులు మొదట “సెవెన్ సన్స్”, తరువాత “ద సెవెన్ సన్స్”. సంఖ్య ఉన్నచోట కూడా “ద” రావచ్చునని, అది సంఖ్య కంటే ముందు నిలుస్తుందని ఇక్కడే తెలుస్తుంది. ఆరు చేపలు ఎండాయి, ఒక చేప ఎండలేదు అన్నచోట మాత్రం “వన్” అనే అనాలి, ఎందుకంటే ఆరింటికి ఎదురుగా ఒకటి అని లెక్క చెబుతున్నాం. రాజు విషయంలో లెక్క ముఖ్యం కాదు, కాబట్టి “వన్ కింగ్” కాదు. “ఎ”కూ “వన్”కూ ఉన్న తేడాను ఇంతకంటే తేటగా చూపే ఉదాహరణ ఏ వ్యాకరణ పుస్తకంలోనూ నాకు కనబడలేదు. గడ్డిమేటు అడ్డం వచ్చింది అన్నప్పుడు అది కొత్తగా ప్రవేశించిన వస్తువు కనుక “ఎ హేస్టాక్”. ఆవు మేయలేదు అన్నప్పుడు కథలోకి అది మొదటిసారే వచ్చినా “ద కౌ” అనడం సహజం, ఎందుకంటే ఆ గడ్డి మేయవలసిన ఆవు ఏదో వినేవాడు ఊహించుకోగలడు. మొదటిసారి “ఎ”, రెండోసారి “ద” అన్న సూత్రం పాక్షికమేనని, అసలు ప్రశ్న వినేవాడు గుర్తుపట్టగలడా లేదా అన్నదేనని ఆ ఆవు దగ్గర ఆగి చెప్పవచ్చు.

“ఎ”, “ఏన్” విషయంలో అక్షరం కాదు, ధ్వని ముఖ్యమని అందరం చెబుతాం. అయితే మన ఉచ్చారణ తెచ్చే చిక్కును గమనించాలి. తెలుగువాళ్ళం పదాది ఎకారానికి ముందు యకార ధ్వనిని, ఒకారానికి ముందు వకార ధ్వనిని చేర్చి పలుకుతాం. ఎమ్మెల్యేను యెమ్మెల్యే అని, ఎగ్‌ను యెగ్ అని అనడం మనకు సహజం. అలా పలికే విద్యార్థి ధ్వని సూత్రాన్ని శ్రద్ధగా పాటిస్తే “ఎ ఎమ్మెల్యే”, “ఎ ఎగ్” అనే రాస్తాడు, అతని తర్కంలో లోపం లేదు. కాబట్టి ముందు ఆ పదాలను అచ్చుతో మొదలయ్యేలా పలికించి, తరువాత “ఏన్ ఎమ్మెల్యే”, “ఏన్ ఎగ్” అని చెప్పించాలి. యకారంతో పలికే “యూనివర్సిటీ”కి, వకారంతో పలికే “వన్ రుపీ కాయిన్”కు “ఎ” ఎందుకు వస్తుందో అప్పుడు దానంతట అదే తేలుతుంది.

పేర్ల ముందు “ద” గురించిన జాబితాలను కంఠస్థం చేయించనక్కర లేదు. నదికి ఉంటుంది, మనిషికి ఉండదు అనడానికి కృష్ణ ఒక్క పేరు చాలు: “కృష్ణ బేద్డ్ ఇన్ ద కృష్ణ”. గోదావరి, బంగాళాఖాతం, తూర్పు కనుమలు “ద” తీసుకుంటాయి. హైదరాబాదు, విశాఖపట్నం, కొల్లేరు సరస్సు తీసుకోవు.

ఇక డిటర్మినర్స్. ఇక్కడ విద్యార్థి గ్రహించవలసిన ప్రధాన సంగతి ఏమిటంటే, ఇంగ్లీషులో నామవాచకం ముందు “ఎ”, “ద”, “దిస్”, “మై” వంటి మాటలకు కేటాయించిన చోటు ఒక్కటే, అందులో ఒకటి కూర్చుంటే రెండోదానికి జాగా లేదు. తెలుగులో “నా ఈ పుస్తకం”, “మా ఆ ఇల్లు” అనడం తప్పు కాదు, కాబట్టి “దిస్ మై బుక్” అని రాసిన పిల్లవాడు తన భాష ఇచ్చిన స్వేచ్ఛనే ఇంగ్లీషులోకి తీసుకువెళ్ళాడు. రెండు భావాలూ కావాలంటే ఇంగ్లీషు ఒకదాన్ని వెనక్కు పంపుతుంది: “దిస్ బుక్ ఆఫ్ మైన్”, “ఎ ఫ్రెండ్ ఆఫ్ మైన్”.

తెలుగు అడ్డుపడేచోట దాన్ని గుర్తించినట్లే, సాయపడేచోట సాయం తీసుకోవడం కూడా మన పని. “వన్ ఆఫ్ మై ఫ్రెండ్” అన్న తప్పు చదువుకున్నవారిలోనూ విరివిగా వినిపిస్తుంది. “నా స్నేహితుల్లో ఒకడు” అని తెలుగులో అనిపిస్తే అక్కడ బహువచనం ఉన్నట్టు విద్యార్థి చెవికే తెలుస్తుంది. “ఫ్యూ”, “ఎ ఫ్యూ” మధ్య తేడా పెద్దవాళ్ళనూ తికమక పెడుతుంది. “సభకు కొద్దిమంది వచ్చారు” అంటే “ఎ ఫ్యూ”, “కొద్దిమందే వచ్చారు” అంటే “ఫ్యూ”. మన ఏకారం చెప్పే కొరతను ఇంగ్లీషు “ఎ” తీసేసి చెబుతోంది. “లిటిల్”, “ఎ లిటిల్” కూడా అంతే. లెక్కించే నామాలు, లెక్కించని నామాల విషయంలో మాత్రం తెలుగును నమ్ముకోలేం. మనకు పాలు, నీళ్ళు బహువచనాలు, ఇంగ్లీషులో “మిల్క్”, “వాటర్” ఏకవచనంగా నడుస్తాయి. మనం రెండు సలహాలు ఇవ్వగలం, ఇంగ్లీషులో “టూ అడ్వైసెస్” కుదరదు. వీటిని వాక్యాల్లో పదేపదే వినిపించడం తప్ప దగ్గరి దారి లేదు.

పాసివ్ వాయిస్ దగ్గర మన పద్ధతినే మార్చుకోవాలని గట్టిగా కోరుతున్నాను. రాముడు రావణుని చంపెను అనే వాక్యాన్ని రామునిచేత రావణుడు చంపబడెను అని మార్చి చూపి, కర్తను కర్మ చోట, కర్మను కర్త చోట పెట్టి, “బై” చేర్చి, క్రియకు మూడో రూపం (“రిటెన్”, “బిల్ట్” వంటిది) వాడమంటాం. ఎవరూ నోట పలకని తెలుగు వాక్యం ఆధారంగా ఇంగ్లీషు నేర్పుతున్నాం. ఒకే సంగతిని తిరగేసి చెప్పడమే పాసివ్ అన్న భావన పిల్లలకు కలుగుతుంది, దాని అవసరం ఏమిటో మాత్రం తెలియదు.

వాడుక తెలుగులో ఆ అవసరం తీరే తీరు వేరు. “చార్మినార్‌ను 1591లో కట్టారు”, “నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955లో శంకుస్థాపన చేశారు”, “ఇక్కడ తెలుగు మాట్లాడతారు” అనే వాక్యాల్లో కర్త లేడు. ఎవరన్నది ఇక్కడ ముఖ్యం కాదు కాబట్టి కర్తను వదిలేసి, దేని గురించి మాట్లాడుతున్నామో దాన్ని ముందుకు తెచ్చి, క్రియకు “ఆరు” అనో “తారు” అనో బహువచనం పెట్టి ముగించాం. ఇంగ్లీషు వాక్యం కర్త లేకుండా నిలవదు. అందుకని కట్టడాన్నే కర్త స్థానంలో కూర్చోబెట్టి “ద చార్మినార్ వాజ్ బిల్ట్ ఇన్ 1591” అంటుంది. పాసివ్ బోధనకు ఇటువంటి వాక్యాలే సరైన ముడిసరుకు. వీటిలో “బై” లేదన్నది గమనించండి. ఇంగ్లీషులో రాసే పాసివ్ వాక్యాల్లో ఎక్కువ భాగానికి “బై” ఉండదు, మన అభ్యాసాల్లో మాత్రం ప్రతి వాక్యానికీ ఉంటుంది.

“బోర్డు మీద రాసి ఉంది”, “గేటుకు తాళం వేసి ఉంది” అనే వాక్యాలు కూడా “ఇట్ ఈజ్ రిటెన్”, “ద గేట్ ఈజ్ లాక్డ్” అనే రూపాలకు దగ్గరి చుట్టాలు. “వండిన అన్నం”, “ఉడికించిన గుడ్డు” అనే మాటల్లోని విశేషణాలే “కుక్డ్ రైస్”, “బాయిల్డ్ ఎగ్” లోని మూడో రూపాలు. వాటిని ముందు వస్తువుల పేర్లుగా పరిచయం చేస్తే, తరువాత వాక్యంలో క్రియగా కనబడినప్పుడు పిల్లలు బెదరరు.

“బై” ఎప్పుడు కావాలో చెప్పడానికి మళ్ళీ ఆ చేపల కథే పనికివస్తుంది. పిల్లవాడు ఎందుకు ఏడ్చాడని అడిగితే, “నన్ను చీమ కుట్టింది” అన్నాడు. తెలుగు కర్మను ముందు పెట్టి, కొత్త సంగతి అయిన చీమను తరువాత చెప్పింది. ఇంగ్లీషులో ఆ వరస దక్కాలంటే “ఐ వాజ్ బిట్టెన్ బై ఏన్ ఆంట్” అనాలి. తెలిసినది ముందు, కొత్తది వెనుక. కొత్తది కనుక దానికి “ఏన్”. ఆర్టికల్స్, పాసివ్ వేర్వేరు అధ్యాయాలుగా కనబడినా వాక్యంలో ఒకే పనికి తోడ్పడుతున్నాయని ఈ ఒక్క వాక్యంలో కనిపిస్తుంది.

చివరగా, ఎక్కువ దిద్దవలసిన రెండు రకాల తప్పులు. “అరెస్టయ్యాడు”, “ఎన్నికయ్యారు”, “మోసపోయాను”, “పుట్టాను” అనే క్రియలు తెలుగులో కర్తరి ప్రయోగంలా (యాక్టివ్ వాయిస్‌లా) నడుస్తాయి, అందువల్ల “హీ అరెస్టెడ్ ఎస్టర్‌డే”, “ఐ బార్న్ ఇన్ గుంటూరు” అని రాస్తారు. మొదటి వాక్యానికి అతనే ఎవరినో పట్టుకున్నాడన్న అర్థం వస్తుంది కాబట్టి ఇది కేవలం మార్కుల విషయం కాదు. దీనికి విరుద్ధంగా, పాసివ్ పాఠం బాగా తలకెక్కిన విద్యార్థి “ద యాక్సిడెంట్ వాజ్ హ్యాపెండ్”, “హీ వాజ్ డైడ్” అని రాస్తాడు. జరగడం, చనిపోవడం ఎవరో చేసే పనులు కావు గనుక ఆ క్రియలకు పాసివ్ ఉండదు. ఎవరైనా చేశారా, దానంతట అది జరిగిందా అని తెలుగులో ఒక ప్రశ్న వేయించి, జవాబును బట్టి క్రియా రూపాన్ని ఎంచుకోమనండి. పదో తరగతి పిల్లలకు వార్తాపత్రికలోని నాలుగు చిన్న వార్తలు ఇచ్చి, ప్రతి క్రియ దగ్గరా ఈ ప్రశ్న అడిగించి, తరువాత వాటిని ఇంగ్లీషులో రాయించండి. ఆ రాతలోనే ఎక్కడ “ఎ” కావాలో, ఎక్కడ “ద” కావాలో కూడా చర్చకు వస్తుంది.