చమురు భూవిజ్ఞాని పని: కైలాసగిరి నుంచి కోనసీమ దాకా

పెద్దలకు, విద్యార్థి మిత్రులకు నమస్కారం.

పొద్దున్నే మన విశాఖ బీచ్ రోడ్డులో నడుస్తుంటే, నా వృత్తి తెలిసినవారు ఆపి అడిగే ప్రశ్న ఒకటుంది: "ఏమండీ, మన కైలాసగిరి కింద చమురు పడుతుందంటారా?" పడదు. ఎందుకు పడదో చెబితే నా వృత్తి సగం చెప్పినట్టే కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

కైలాసగిరి, సింహాచలం కొండల్లో ఎక్కువగా కనిపించే రాయి ఖొండలైటు. 1902లో వాకర్ అనే భూవిజ్ఞాని కలహండి ప్రాంతపు శిలలను వివరిస్తూ, ఖోండు గిరిజనుల పేరు మీద దానికి ఆ పేరు పెట్టాడు. ఎర్రటి గార్నెట్ గింజల మధ్య అక్కడక్కడ నల్లగా మెరిసే రేకులుంటాయి. రాస్తే పెన్సిలు ముల్లులా వేలికి అంటుతాయి. అది గ్రాఫైట్. ఈ రాయి ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న బంకమన్ను. అందులో కలిసిన జీవపదార్థమే, కొంతవరకైనా, ఈ గ్రాఫైట్ అయిందని చెబుతారు. జీవపదార్థం చమురుగా మారడానికి సుమారు 60 నుంచి 150 డిగ్రీల సెల్సియస్ వేడి చాలు. అంతకు మించితే గ్యాసు మిగులుతుంది, ఇంకా మించితే అదీ మిగలదు. మన కొండలు భూగర్భంలో 800 డిగ్రీలు దాటిన వేడి చూసి పైకి వచ్చాయి. కమ్మగా వేగవలసిన పోపు మాడి మసైపోయిందన్నమాట.

గోదావరి దిగువకు వెళితే కథ వేరు. అక్కడ కొన్ని కిలోమీటర్ల మందాన పొరలు పేరుకున్నాయి, సరిపడా వేడి తగిలినవీ ఉన్నాయి. 1978లో నరసాపురం బావిలో గ్యాసు పడింది. 1987లో సముద్రంలో రవ్వ చమురు క్షేత్రం, 2002లో లోతు నీళ్లలో ధీరూభాయి గ్యాసు నిక్షేపాలు బయటపడ్డాయి. నాకు ముచ్చట కలిగించేది ఆ పొరల పేర్లు: రాఘవపురం షేలు (గట్టిపడిన బంకమన్ను రాయి), రాజోలు, మత్స్యపురి, నరసాపురం. ఏ దేశపు నిపుణుడైనా ఈ బేసిన్ (పొరలు పేరుకున్న పల్లపు ప్రాంతం) గురించి నివేదిక రాయాలంటే మన పల్లెల పేర్లు పలకక తప్పదు.

నేను ఈ పని నేర్చుకున్నది రిగ్గు, అంటే బావి తొలిచే యంత్రం మీద. బావి తొలుస్తుంటే రాతి ముక్కలు డ్రిల్లింగ్ మడ్డుతో (బావిలో తిప్పే చిక్కటి బురదతో) పాటు పైకి వస్తాయి. వాటిని కటింగ్స్ అంటాం. రెండున్నర కిలోమీటర్ల లోతు నుంచి రావడానికి ఒక్కోసారి గంటకు పైగా పడుతుంది కనుక, చేతిలో ఉన్న ముక్క ఇప్పుడు తొలుస్తున్న చోటిది కాదు, గంట కిందట తొలిచిన చోటిది. జల్లెడ దగ్గర ఆ ముక్కలను పట్టి, కడిగి, చీకటి పెట్టెలో అతినీలలోహిత కాంతి కింద పెడతాం. చమురుంటే మెరుస్తుంది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, తెల్లవారుజామున మూడు గంటలకు, నీలితెలుపు మెరుపు చూసి నేను ఒక్క పరుగున వెళ్లి ఫోనులో 'షో వచ్చింది సార్' (చమురు జాడ కనిపించిందని) అని చెప్పేశాను. అవతల మా పెద్దాయన నిద్రమత్తులోనే, "సాల్వెంటు వేసి చూశావా బాబూ?" అన్నారు. వేయలేదు. చమురైతే ద్రావకంలో కరిగి పొగలా సాగుతుంది. వేసి చూస్తే చమురు సాగినట్టు సాగలేదు. మరలు బిగించేటప్పుడు గొట్టాలకు పూసే గ్రీజు కూడా అలాగే మెరుస్తుందని, ఆ గ్రీజు తునకలు కొన్ని నా నమూనాలో కలిశాయని తెల్లవారాక తేలింది. ఆనాటి రిజిస్టరులో నేను కొట్టేసిన గీత ఇప్పటికీ నా కళ్లకు కడుతుంది.

ఉద్యోగం మాని కన్సల్టెంటునయ్యాక నా సరుకు రాయి కాదు, అంచనా. చమురు పుట్టే రాయి, నిలిచే ఇసుకరాయి, పైన మూత, పట్టి ఉంచే ఆకృతి: ఈ నాలుగూ ఉండాలి. ఒక్కొక్కటి ఉండే అవకాశం 70 శాతమని గట్టిగా నమ్మినా, నాలుగింటినీ గుణిస్తే దక్కేది 24 శాతమే. ఆ అంకె విన్న క్లయింటు ముఖం చూడాలి! చాలామంది ముందే బావి తొలవాలని నిశ్చయించుకుని, సంతకం కోసం మన దగ్గరికి వస్తారు. నేనూ ఒకసారి ఆ ఊపులో కొట్టుకుపోయాను. ఆకృతి బ్రహ్మాండంగా ఉంది, మూత బాగుంది, తొలిస్తే ఉప్పునీరు. చమురు ఆ దారిన సాగిపోయిన తరువాత గాని ఆ ఆకృతి ఏర్పడలేదు. కుండ పెట్టేసరికి వాన వెలిసిందన్నమాట. అప్పటి నుంచి నివేదికలో చివరి పుటను ముందు రాస్తున్నాను: ఈ అంచనా ఏయే కారణాల వల్ల తప్పు కావచ్చునో. ఫీజు ఆలస్యమయ్యేది కూడా ఆ పుట వల్లేనని నా అనుమానం.

చమురు పుట్టని ఈ ఊరు చమురుతోనే బతుకుతోందన్నది నాకు తీరని వింత. 1957లోనే ఇక్కడ రిఫైనరీ వెలిసింది. ఇప్పుడు అత్యవసర నిల్వ కోసం కఠిన శిలను తొలిచి, 13 లక్షల 30 వేల టన్నుల ముడి చమురు పట్టే గుహలు కట్టారు. ఆ గుహల గోడలకు ఉక్కు రేకు తాపడం లేదు. పైన వరుసగా రంధ్రాలు వేసి నీరు నింపుతారు. చుట్టూ ఉన్న భూగర్భ జలపు ఒత్తిడి లోపలి చమురు ఒత్తిడి కంటే ఎక్కువగా ఉండేటట్టు చూస్తారు. నీరు లోపలికి ఊరుతుందే తప్ప చమురు బయటికి పోదు. ఊరిన నీటిని తోడి పోస్తారు. నా క్షేత్రాల్లో ప్రకృతి వేసిన మూతను ఇక్కడ ఇంజనీర్లు నీటితో వేశారు.

రిటైరైనా కాకపోయినా, ఆదివారాలు మాత్రం నావే. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గరికి పిల్లలను తీసుకెళ్లి, గ్లాసెడు పొడి ఇసుకలో నీళ్లు పోయిస్తాను. గ్లాసు నిండుగా కనిపిస్తున్నా దాదాపు మూడో వంతు నీరు పడుతుంది. చమురు నిలిచేది గింజల నడుమ అలాంటి సందుల్లోనే గాని భూమి లోపల చెరువుల్లో కాదని అప్పుడు వేరే చెప్పనక్కర్లేదు. రావాలనుకునే విద్యార్థులు ఉదయం ఆరింటికి వస్తే చాలు. గ్లాసు తెచ్చుకోండి. ఆ దిబ్బలు రక్షిత భూవారసత్వ స్థలం కనుక సుత్తి మాత్రం ఇంట్లో వదిలి రండి.